రైటమ్మ స్టాపు మార్చిన రోజు

రైటమ్మకి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటుంది. టౌను బస్సులో కండక్టరుగా చేరిన కొద్దిరోజులకే అది అటకెక్కింది. ఆవిడ వెనక మెట్టు మీద నిలబడి "రైట్ రైట్!" అని కేకేసిందంటే సొంత డ్రైవరే కాదు, రోడ్డవతల ఆగి ఉన్న లారీవాడు కూడా ఉలిక్కిపడి గేరు వేసేవాడు. గొంతు అలాంటిది. జనం రైటమ్మ అన్నారు, ఆవిడ పలికింది, ఇక అంతే.

పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, "రోజూ వెయ్యిమందిని భరిస్తున్నాను, ఇంటికొచ్చి ఇంకొకణ్ణి కూడానా?" అని నవ్వేసేది. నిజమే మరి. పొద్దున మొదటి ట్రిప్పు నుంచి సాయంత్రం డ్యూటీ దిగేదాకా చుట్టూ జనమే. ఎవరి పిల్లకి జ్వరం, ఎవరి అత్తగారు ఎలా సాధిస్తోంది, ఏ ఆఫీసులో ఎవరికి ఎవరితో పడదు, అన్నీ ఆవిడ చెవిలోనే పడేవి. అలాంటి మనిషి రిటైరైంది. మర్నాడు పొద్దున లేచి కూర్చుంటే గోడగడియారం చప్పుడు వినిపించింది. ఆ గడియారానికి చప్పుడుంటుందని అప్పటిదాకా ఆవిడకి తెలియనే తెలియదు. తెలిశాక భరించడం కష్టమైపోయింది, ఏం చెప్పమంటారు!

అందుకని ఆ ఇంట్లోకి ఒక్కొక్కరే ప్రయాణికులు ఎక్కడం మొదలుపెట్టారు. ముందు ఎవరిదో తెలియని ఎర్రకుక్క వెంటపడి వచ్చింది. దానికి హోల్డాన్ అని పేరు పెట్టింది, పేరు మహిమతోనైనా ఆగుతుందేమోనని. అది పుట్టి బుద్ధెరిగి ఎక్కడా ఆగింది లేదు. తర్వాత పిల్లి. దాని పేరు పాసు, ఎందుకంటే ఎవరి ఒళ్లోకైనా ఉచితంగా ఎక్కేస్తుంది, ఇదేమిటని అడిగితే మొహం తిప్పుకుంటుంది. కోళ్లన్నిటికీ కలిపి చిల్లర అని ఒకటే పేరు. ఎప్పుడు చూసినా చెల్లాచెదురుగా పడి ఉంటాయి, కావలసినప్పుడు ఒక్కటీ చేతికి చిక్కదు. ఇక బాతు ఉంది చూశారూ, అది గేటు దగ్గరే కాపు కాసి, వచ్చినవాళ్ల కాళ్ల దగ్గర ఆగి, మెడ నిక్కించి కిందనుంచి పైదాకా పరిశీలించేది. "అచ్చం మా చెకింగు ఇన్‌స్పెక్టరే!" అని రైటమ్మ మురిసిపోయి దానికి చెకింగాయన అని పేరు పెట్టింది. అది గుడ్లు పెట్టడం మొదలుపెట్టాక కూడా పేరు మార్చలేదు.

తేనెటీగలు చివర్లో వచ్చాయి. మొక్కలు కొనడానికి వెళ్తే నర్సరీ ఆయన మాటల్లో పెట్టి ఒక పెట్టె అంటగట్టాడు. "పొద్దున ఎండ, మధ్యాహ్నం నీడ ఉన్నచోట పెట్టండమ్మా, మిగతాది అవే చూసుకుంటాయి" అన్నాడు. పెరట్లో అలాంటి చోటు ఒక్కటే ఉంది, నిమ్మచెట్టు పక్కన, వెనకగది కిటికీ కింద. అక్కడ పెట్టింది. మొదట్లో దగ్గరికి పోవాలంటే భయపడింది గానీ, నెల తిరక్కుండానే వాటితో డ్యూటీ మొదలుపెట్టింది. రోజూ టీ గ్లాసు పట్టుకుని పెట్టె పక్కన నిలబడి, "జరగండి, జరగండి, లోపల బోలెడంత చోటుంది, గుమ్మంలో నిలబడతారేం?" అని అదిలించేది. అవి వింటాయా అంటే, ప్రయాణికులు మాత్రం ఎప్పుడు విన్నారు!

ఇలా ఉండగా, ఈ వేసవి చివర్లో వదిన వచ్చింది.

వదిన అంటే రైటమ్మ అన్నగారి భార్య. అన్నగారు పోయి కొన్నేళ్లయింది. ఆవిడ వాళ్లిద్దరూ కాపురమున్న అద్దె వాటాలోనే కుట్టుపని చేసుకుంటూ ఒక్కతే ఉండిపోయింది. మనిషి సన్నగా పుల్లలా ఉంటుంది, మాట సూదిలా ఉంటుంది. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని "ఊఁ", "ఊఁహూఁ" అనే రెండు ముక్కలతోనే గంటసేపు కబుర్లు చెప్పగలదు. ఆవిడ కాపురానికి వచ్చేనాటికి రైటమ్మ రెండు జడల పిల్ల. ఆ లెక్కన ఇప్పుడు రైటమ్మకి జుట్టంతా నెరిసినా వదినకి మాత్రం "పిల్లా"నే. ఈమధ్య ఆ అద్దె ఇంటాయన ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటాను, ఖాళీ చేయండి అన్నాడు. వదిన మేనకోడలికి వేరే ఊళ్లో బట్టల దుకాణం ఉంది. "పైన గదొకటి ఖాళీగానే ఉందత్తా, వస్తే రా" అంది. వదిన ఏ సంగతీ తేల్చలేదు. "కొన్నాళ్లు పిల్ల దగ్గర ఉండి ఆలోచించుకుంటాను. వచ్చేదైతే సోమవారం బస్సుకి వస్తాను" అని మేనకోడలికి చెప్పి, కుట్టుమిషనుతో సహా రైటమ్మ ఇంట్లో దిగింది.

రైటమ్మకి ఎంత సంతోషమైందంటే చెప్పలేం. వదిన మిషను తొక్కుతుంటే ఆ టకటకలో గోడగడియారం నోరు మూతపడింది. పొద్దున లేవగానే ఎదురుగా మాట్లాడే మనిషి! కూరలో ఉప్పు తక్కువైందని వంకపెట్టే మనిషి! ఆ వంకలు కూడా ఎంత బాగున్నాయో. వదిన ఇక్కడే ఉండిపోతే బాగుండునని రైటమ్మ ప్రాణం కొట్టుకుపోయింది. అలాగని ఆ ముక్క నోరు తెరిచి అందా? అనలేదు. జీవితమంతా ఎక్కేవాళ్లని ఎక్కించుకుంది, దిగేవాళ్లని దింపింది. దిగుతానన్న మనిషిని దిగొద్దని బతిమాలింది లేదు. ఎవరైనా దిగాలంటే పక్కకి ఒదిగి దారివ్వడమే ఆవిడకి తెలిసిన మర్యాద. వదిన మీద కూడా అదే మర్యాద చూపిస్తోంది, ఏం లాభం!

నోటితో చెప్పనిదంతా చేతులతో చేసింది. వెనకగదికి సున్నం వేయించింది. కొత్త పరుపు వేసింది. వదినకి ఇష్టమని పందిరి మీది సొరకాయల్లో లేతవన్నీ ఏరి వండి పెట్టింది. అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఒక్క చిక్కు వచ్చిపడింది. వదినకి తేనెటీగలంటే హడల్. చిన్నప్పుడెప్పుడో ఒకటి కుడితే మొహం గుమ్మడికాయలా వాచిందట. బడిలో తీసిన గ్రూపు ఫోటోలో ఈనాటికీ ఒక కన్ను మూతపడే ఉంటుందట. పెట్టెమో సరిగ్గా ఆ గది కిటికీ కిందే ఉంది. అంత ఉక్కలోనూ వదిన ఆ కిటికీ బిగించుకుని పడుకునేది. పొద్దున చెమటతో తడిసి బయటికి వచ్చి, "బాగా నిద్రపట్టింది" అనేది.

అది చూసి రైటమ్మకి గుండె తరుక్కుపోయింది. సోమవారం దగ్గరికొచ్చేస్తోంది. వదిన వెళ్లిపోతే ఆ పెట్టె మూలంగానే వెళ్లిపోతుందని మనసులో ఖాయం చేసుకుంది. సరే, దీనికింత ఆలోచనెందుకు, పెట్టెని పెరటి చివర సొరపందిరి వెనక్కి జరిపేస్తే పోలా? తేనెటీగలూ ఉంటాయి, వదినా ఉంటుంది. ఈ మాత్రం దానికి ఇన్నాళ్లు ఎందుకు బాధపడ్డానా అనుకుంది.

నర్సరీ ఆయన్ని ఒక్కమాట అడగొచ్చుగా అంటారా? రైటమ్మకి ఆ అనుమానమే రాలేదు. ఆవిడ సర్వీసులో ఎన్ని స్టాపులు మారలేదూ! రోడ్డు తవ్వితే స్టాపు ఇటు, కాలవ కడితే స్టాపు అటు. మొదట్లో జనం పాతచోటే నిలబడి మునిసిపాలిటీని తిడతారు. తర్వాత కళ్లెదురుగా ఆగిన బస్సు చూసి నాలుగడుగులు వేసి ఎక్కేస్తారు. రోజులు గడిచాక అసలు స్టాపు ఎప్పుడూ అక్కడే ఉందన్నట్టు మాట్లాడతారు. మనుషులే సర్దుకుపోతే, తేనెటీగలు మనుషులకంటే తెలివైనవి కదా. ఇదీ ఆవిడ లెక్క.

ఆదివారం తెల్లవారుతుండగా, వదిన ఇంకా లేవకముందే, పెట్టె గుమ్మంలో గుడ్డ కుక్కి, దాన్ని తోపుడుబండి మీదికి ఎత్తింది. నిండా తేనె, బరువు మామూలుగా లేదు. నడుము కలుక్కుమంది. అయినా పళ్లబిగువున తోసుకెళ్లి పందిరి వెనక ఇటుకల మీద దింపింది. హోల్డాన్ బండికి అడ్డం పడుతూ ముందు నడిచింది. చెకింగాయన వెనకాలే వచ్చి ఇటుకలన్నీ ఒకసారి చూసుకుంది. రైటమ్మ ఊపిరి పీల్చుకుని, గుడ్డ లాగి, "రైట్ రైట్!" అంది. తేనెటీగలు బిలబిలా బయటికి వచ్చాయి, గాలిలో చుట్లు తిరిగాయి, పూలవైపు వెళ్లిపోయాయి. ఎంత సాఫీగా జరిగిపోయిందో! అక్కడితో ఊరుకుందా? అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో "స్టాపు మారినది" అని రాసి, కింద బాణం గుర్తు వేసి, నిమ్మకొమ్మకి వేలాడదీసింది. వదినని నవ్వించాలని.

ఖాళీ అయిన చోట పేముకుర్చీ వేసింది, మెత్త వేసింది. పెరట్లో అంతకంటే మంచి నీడ ఎక్కడుంది! వెనకగది కిటికీ రెక్కలు బయటినుంచే బార్లా తెరిచింది.

"వదినా! లే, లే. నీ కిటికీ తెరిచేశాను. వచ్చి నీ సింహాసనం చూసుకో!"

వదిన కళ్లు నులుముకుంటూ వచ్చింది. కిటికీ చూసింది, కుర్చీ చూసింది, అట్టముక్క చదివింది.

"పెట్టెని జరిపావా? నడుము పట్టుకుని నడుస్తున్నావేంటే?"

"అబ్బే, ఏం లేదు. పొద్దున్నే ఎక్సర్‌సైజు."

"నీ మొహం" అంది వదిన. నవ్వింది కూడా. రైటమ్మకి ఆ నవ్వు చాలు. వంటింట్లోకి వెళ్లి కూనిరాగం తీస్తూ టీ పెట్టింది.

ఎండలు చివరికొచ్చేశాయి. పొద్దుతిరుగుడు పూలు తలలు దించుకుని గింజ కడుతున్నాయి. టమాటాలు అన్నీ ఒక్కసారే పండి, కోసేవాళ్లు లేక నేలరాలుతుంటే చిల్లర ఎగబడి తింటోంది. బంతులు విరగబూశాయి. మధ్యాహ్నం కాగానే మబ్బులు వచ్చి తొంగిచూసి, ఇవాళ కాదులే అన్నట్టు వెళ్లిపోతున్నాయి. వదిన ఎవరి పిల్లకో కుడుతున్న గౌను అంచు మడవడానికి తెచ్చుకుని పేముకుర్చీలో కూర్చుంది. పాసు టిక్కెట్టు లేకుండా ఒళ్లోకి ఎక్కింది. వదిన పెదాల మధ్య గుండుసూదులు బారుగా పెట్టుకుని పనిలో పడింది.

ముందు ఒక తేనెటీగ వచ్చింది. వదిన దాన్ని చూసి బిగుసుకుపోయింది. తర్వాత ఇంకొకటి. తర్వాత ఒక గుంపు. తర్వాత చెప్పేదేముంది, పొద్దున పూలకి వెళ్లినవన్నీ కాళ్ల నిండా పుప్పొడి మోసుకుంటూ, ఎప్పటిలాగే, తమ ఇంటికి తిరిగొచ్చాయి. వాటి ఇల్లు ఉండాల్సిన చోట వదిన ఉంది. అవి కుర్చీ వీపు మీద వాలాయి, చేతుల మీద వాలాయి, గౌను అంచు మీద వాలాయి, వదిన భుజం మీద బారులు తీరాయి. పాసు ఒక్క గెంతులో గోడెక్కింది. వదినకి అరవాలని ఉంది. నోటినిండా గుండుసూదులు. అరిస్తే మింగాల్సిందే.

"ఊఁ! ఊఁ! ఊఁ!"

రైటమ్మ టీ గ్లాసుతో బయటికి వచ్చి చూసింది. గ్లాసు జారిపోయింది. కానీ ఎన్ని సడన్ బ్రేకులు చూసిన మనిషి!

"కదలకు వదినా! చెయ్యి ఊపకు. నువ్వు కొట్టకపోతే అవి కుట్టవు. నన్ను చూడు. నన్నే చూడు. మెల్లగా లే. సూదులు ఉమ్మేయకు, అలాగే ఉంచు. అలా, అలా... అడుగు వెయ్యి. ఇంకోటి."

వదిన కన్నార్పకుండా రైటమ్మనే చూస్తూ లేచింది. అంగుళం అంగుళం నడిచింది. తేనెటీగలు ఆవిడ భుజం మీంచి లేచి తిరిగి కుర్చీ మీదే వాలాయి. వాటికి కావలసింది ఆ చోటు, ఆవిడ కాదు. మధ్యలో హోల్డాన్ మొరుగుతూ దూకబోతే, దాన్ని ఆపబోయి రైటమ్మ తనకి తెలియకుండానే చెయ్యి విసిరింది. చురుక్కుమంది. నువ్వు కొట్టకపోతే అవి కుట్టవు అని ఇప్పుడే పాఠం చెప్పిన మనిషి, బయటికి ఎలా చెప్పుకుంటుంది? తేలు కుట్టిన దొంగలా ఆ చెయ్యి వెనక్కి దాచేసుకుంది.

వంటింట్లోకి వచ్చాక వదిన ఒక్కొక్క సూదీ తీసి డబ్బాలో వేసింది. ఒక్కటీ తక్కువ కాలేదు. అప్పుడు కూర్చుంది.

"ఒక్కటి కూడా కుట్టలేదు పిల్లా" అంది, తనలో తను అనుకుంటున్నట్టు. "ఇంత దగ్గరగా చూశాను. కుట్టలేదు. నా భుజం మీద అటూ ఇటూ వెతుకుతున్నాయే. తాళంచెవి పోగొట్టుకున్న మనుషుల్లాగా."

రైటమ్మ నర్సరీ ఆయనకి ఫోను చేసింది. విన్నంతసేపు విని ఆయన అటునుంచి లబోదిబోమన్నాడు.

"ఎవరు జరపమన్నారమ్మా! జరిపితే జానెడు జరపాలి, లేదంటే ఊరే దాటించాలి. నడిమధ్యన పెడతారా?"

"కళ్లెదురుగానే ఉంది కదా బాబూ. అక్కణ్నుంచి చూస్తే కనపడుతుంది."

"కనపడినా ప్రయోజనం లేదమ్మా. అవి పెట్టెని గుర్తుపెట్టుకోవు, చోటుని గుర్తుపెట్టుకుంటాయి. చీకటి పడేలోపు పాతచోటే పెట్టేయండి. ఇవాళ వాన వచ్చేలా ఉంది. బయట ఉండిపోయినవి తడిస్తే మిగలవు."

ఫోను పెట్టేసి రైటమ్మ గుమ్మంలో నిలబడింది. సాయంత్రమయ్యేసరికి కుర్చీ వీపు కనపడలేదు. తేనెటీగలు ముద్దకట్టి వేలాడుతున్నాయి, అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని. పడమటినుంచి మబ్బు నల్లగా ఎక్కివస్తోంది. ఈసారి తొంగిచూసి పోయే రకంలా లేదు. పందిరి వెనక పెట్టెలో ఇల్లుంది, నిండా తిండి ఉంది. ఇవి మాత్రం ఇక్కడ, ఏమీ లేని కుర్చీని కరుచుకుని ఉన్నాయి. "నాలుగడుగులు వెయ్యరే! మీ మొండితనం మండా!" అని రైటమ్మ వాటిని తిట్టింది. తిడుతూనే కళ్లు తుడుచుకుంది.

పెట్టెని తిరిగి కిటికీ కింద పెడితే వదిన రేపు బస్సెక్కుతుంది. పెట్టకపోతే ఇవన్నీ పోతాయి. మింగలేక కక్కలేక ఆఖరికి లోపలికి వచ్చింది.

"వదినా, పెట్టె ఇక్కడ వద్దు. రేపు నర్సరీ ఆయన్ని వచ్చి తీసుకెళ్లిపొమ్మంటాను."

"మరి కుర్చీ మీద ఉన్నవో?"

"ఏం చేస్తాం. పెట్టెలో ఉన్నవైనా బతుకుతాయి కదా. నువ్వు కిటికీ తెరుచుకుని పడుకోవాలి."

వదిన ఆవిడ మొహంలోకి చూసింది. ఆ చూపు రైటమ్మకి తెలుసు. కొలతలు తీసుకునేటప్పుడు చూసే చూపు.

"నీకేమన్నా మతిపోయిందా? నా ఒక్క కిటికీ కోసం అన్ని ప్రాణాలు వానపాలు చేస్తావా? లే. తువ్వాళ్లు పట్రా."

"నువ్వా వదినా? నువ్వు దగ్గరికి రాగలవా?"

"పొద్దున వాటి ఇంటి మీదే కూర్చున్నాను. ఇంక దగ్గరేంటి, దూరమేంటి! నీ నడుం సంగతి నాకు తెలీదనుకున్నావా? ఒక్కదానివే ఎత్తితే రేపు నిన్నే ఎత్తాలి. ఆ వాచిన చెయ్యి కూడా ఇకనుంచి దాచక్కర్లేదు."

ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి దగ్గర దాపరికమా!

ఇద్దరూ తలలకీ మొహాలకీ తువ్వాళ్లు చుట్టుకున్నారు. వదిన కుట్టుపని కళ్లద్దాలు పెట్టుకుని, చేతులకి దిండుగలీబులు తొడుక్కుంది. దారిన పోయేవాళ్లు చూస్తే దొంగలు పడ్డారని పోలీసుల్ని పిలిచేవాళ్లే. పెట్టె గుమ్మంలో గుడ్డ కుక్కి చెరోవైపు పట్టుకుని ఎత్తారు. లోపలినుంచి హుమ్ అని పెద్ద చప్పుడు వచ్చింది. వదిన చేతులు వణికాయి, పెట్టె వణికింది.

"భయంగా ఉందా వదినా? దించేద్దామా?"

"భయం లేదు. వణుకుతున్నాను, అంతే. నడువు."

నడిచారు. హోల్డాన్ యథాప్రకారం కాళ్లకి అడ్డం. చిల్లర నలువైపులా చెదిరింది. "కుడివైపు, కుడివైపు, సొరతీగ ఉంది, చూసుకో" అని రైటమ్మ వెనక్కి నడుస్తూ చెబుతోంది. "వెనక్కి నడిచేదానివి నువ్వు, చూసుకోవాల్సింది నేనా?" అని వదిన విసుక్కుంటోంది. ఆ విసుగులో వణుకు ఎప్పుడు తగ్గిందో ఆవిడకే తెలియలేదు. నిమ్మచెట్టు పక్కకి వచ్చేసరికి గాలి లేచింది. రైటమ్మ కుర్చీని కొంచెం పక్కకి లాగింది, పెట్టెని పాతచోటే దింపారు, గుమ్మంలోని గుడ్డ తీసేశారు, కుర్చీని గుమ్మానికి ఆనించారు.

ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత ముద్దలోంచి ఒకటి విడివడి, గుమ్మం మీద నిలబడి రెక్కలు ఆడించింది. ఇంకొకటి వచ్చింది. అంతే, కుర్చీ వీపంతా కదిలింది. కుర్చీ చేతి మీంచి బారులు బారులుగా దిగి, ఒకదాని వెనక ఒకటి, తోసుకుంటూ, తొక్కుకుంటూ, పెట్టెలోకి నడక మొదలుపెట్టాయి. ఎగరలేదు, నడిచాయి!

"నెట్టుకోకండి! అందరికీ చోటుంది!" అని రైటమ్మ ఆనందం పట్టలేక కేకేసింది.

వదిన తువ్వాలు లాగేసి నవ్వడం మొదలుపెట్టింది. ఎంతలా నవ్విందంటే కళ్లద్దాలు ముక్కు కొసకి జారాయి. "పిల్లా, చూడవే, ఆ చిన్నది చూడు, పుప్పొడి బుట్టలు దించకుండా ఎలా దూరిపోతోందో!" అని పెట్టె దగ్గరికి వంగి చూపించింది. కుడితే మొహం గుమ్మడికాయవుతుందన్న మనిషేనా ఈవిడ! రైటమ్మకి నవ్వూ వచ్చింది, వెంటనే దిగులూ వచ్చింది. పెట్టె మళ్లీ కిటికీ కిందకే చేరింది కదా.

"మరి నీ కిటికీ?" అంది.

"నా కిటికీకేం? నేను ముందుగదిలోకి మారతాను. ఆ కిటికీ వీధివైపు ఉంది, ఈ ఈగలు అక్కడికి రావు. ఈ గదిలో నువ్వు పడుకో. వీటికైతే చెప్తే అర్థంకాదు, చోటు మారితే దారి తెలీదు. నాకు చెప్తే అర్థమవుతుంది కదే. వాటిని కాదు, నన్ను జరపాల్సింది. ఒక్కమాట అంటే మంచం నేనే లాక్కునేదాన్ని."

రైటమ్మ ఆ మాటని ఒకసారి మనసులో తిప్పి చూసుకుంది.

"మారతానంటున్నావు... అంటే, ఉంటావా?"

"ఉంటానో ఉండనో నన్నెవరైనా అడిగారా?" వదిన గొంతులో నవ్వు పోయింది. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. నీ దగ్గర అంతా తలకిందులు. గదికి సున్నం వేశావు. పరుపు వేశావు. నడుం విరగ్గొట్టుకుని పెట్టె మోశావు. అడక్కుండా అన్నీ పెట్టావు. ఉండు వదినా అని ఒక్కమాట మాత్రం నీ నోట్లోంచి రాదు. రేపు సోమవారం. నేను సంచీ పట్టుకుని గుమ్మం దాటుతుంటే కూడా పక్కకి జరిగి దారిచ్చేదానివేనా?"

రైటమ్మ తల దించుకుంది. నిజంగా అదే చేసేది. ఆ సంగతి తనకీ తెలుసు.

"వదినా" అంది. మళ్లీ అంది, "వదినా". ఊరంతటినీ అదిలించిన ఆ నోటికి మూడోసారికి గానీ మాట పెగల్లేదు. "వెళ్లొద్దు. నాకు ఒక్కదానికీ ఈ ఇంట్లో భయమేస్తోంది. నాకు నువ్వు కావాలి. ఉండిపో."

వదిన కళ్లద్దాలు తీసి, దిండుగలీబుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"మీ అన్నయ్య పోయినప్పుడు, వచ్చినవాళ్లందరూ వెళ్లిపోయారు. ఆఖరున నువ్వున్నావు. గుమ్మంలో చెప్పులేసుకుంటూ వెనక్కి తిరిగి నావంక చూశావు. ఇప్పుడంటుంది, నాతో వచ్చెయ్ వదినా అని ఇప్పుడంటుంది, అనుకున్నాను. 'జాగ్రత్త వదినా' అని వెళ్లిపోయావు. అప్పటినుంచీ ఎదురుచూస్తున్నానే పిల్లా, ఆ ఒక్కమాట కోసం."

"నోటిదాకా వచ్చింది వదినా" రైటమ్మకి ఏడుపు ఆగలేదు. "మీ ఇద్దరూ ఉన్న ఇల్లది. వదిలేసి రమ్మంటే బాధపడతావేమోనని..."

"బాధపడేదాన్ని. బాధపడుతూనే వచ్చేదాన్ని. మొద్దుమొహమా!"

"మరి నువ్వైనా అనొచ్చుగా, వస్తానని!"

"ఆడపడుచు ఇంటికి నేనే వచ్చి ఉంటానని ఏ నోటితో అనమంటావే?" అంది వదిన, కోపంగా, ఏడుస్తూ. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఒకావిడ తలకి తువ్వాలు, ఇంకొకావిడ చేతులకి గలీబులు. ముందు ఎవరు నవ్వారో తెలియదు గానీ, ఒకరినొకరు పట్టుకుని కడుపుబ్బ నవ్వారు. చెకింగాయన వచ్చి ఇద్దరి కాళ్లూ పరిశీలించి, కేసేమీ లేదని వెళ్లిపోయింది.

పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. కుర్చీ మీద మిగిలిన కాసిని తేనెటీగలూ తడబడుతూ గుమ్మంలోకి దూరాయి. మట్టివాసన గుప్పుమంది. ఇద్దరిలో ఎవరూ లోపలికి పరిగెత్తలేదు.

"ఏదీ, ఇంకోసారి అను" అంది వదిన.

"ఉండిపో వదినా" అంది రైటమ్మ.